గురుగ్రహపు పై వరస

"మీ వదిన ఏం ఉద్యోగం చేస్తుంది?" అని ఎవరైనా అడిగితే నాకు ముందే ఒళ్ళు మండుతుంది. మంట ఉద్యోగం మీద కాదు, జవాబు విన్నాక వాళ్ళు పెట్టే మొహం మీద. గురుగ్రహం చుట్టూ పుట్టే అలల్ని వింటుంది అని చెబుతాను. నన్ను ఎగాదిగా చూసి, "అయితే జాతకాలు కూడా చెబుతుందా?" అంటారు. ఒకావిడైతే తన కొడుక్కి పెళ్ళెప్పుడవుతుందో కనుక్కోమంది. నీ కొడుకు పొద్దెక్కకముందు మంచం దిగిన రోజున అవుతుందని చెప్పి, ఆవిడ ఇచ్చిన గుడ్డ కుట్టకుండానే తిరిగి ఆవిడ చేతిలో పెట్టాను.

నేను దర్జీని. ఇంటి ముందుగదిలో మిషను వేసుకుని బడిపిల్లల యూనిఫారాలు, ప్యాంట్ల మడతలు, కర్టెన్లు కుడుతూ ఉంటాను. మా ఆయన పోయినప్పుడు నన్ను తీసుకువెళ్ళడానికి వచ్చింది అన్నయ్యే గానీ, తీసుకురమ్మని పంపింది మాత్రం వదిన. ఆడబిడ్డ అర్ధమొగుడని సామెత ఉంది కదా. ఆ లెక్కన మా వదినకు ఒకటిన్నర మొగుళ్ళు. ఒకటి సిటీ బస్సు నడిపే మా అన్నయ్య, ఆయన నోరెత్తడు. మిగతా సగం నేను, నోరు మూయను.

వదిన చదువు పెద్దదేం కాదు. పెళ్ళికి ముందు నుంచీ టెలిఫోన్ ఎక్స్చేంజిలో పని. లైను కలిపి చెవిలో పెట్టుకుంటే చాలు, తీగ ఎక్కడ తడిసిందో, ఎక్కడ తెగబోతోందో చెప్పేసేదట. ఎక్స్చేంజిలు మూతపడ్డాక కొన్నాళ్ళు ఇంట్లోనే ఉంది. ఆ కొన్నాళ్ళూ కుళాయి చుక్క చుక్కగా కారుతోందని ఒకసారి, నా మిషను అడుగున మర కిచకిచమంటోందని ఒకసారి, మా ప్రాణాలు తోడేసింది. చెవులు ఖాళీగా ఉంటే మనిషికి ఇంత ఇబ్బందా అనుకున్నాను. అప్పుడే అంతరిక్షం ఆఫీసువాళ్ళు "వినేవాళ్ళు కావలెను" అని ప్రకటన వేశారు. నవ్వుకుంటూనే వెళ్ళింది. ఏవేవో గరగరలు వినిపించి, ఇందులో ఎన్ని రకాల శబ్దాలున్నాయో చెప్పమన్నారట. వాళ్ళు తాము కలిపినవి మాత్రమే ఉన్నాయనుకున్నారు. వదిన వాటితో పాటు పక్కగదిలో ఫ్యాను గురించి కూడా చెప్పింది. ఉద్యోగం ఇచ్చేశారు.

మొదటి నెలలో నేను పోట్లాటకు దిగాను. "అక్కడ గాలే లేదంటారు కదా, మరి శబ్దమెక్కడిది? నిన్ను కూర్చోబెట్టి వెర్రిదాన్ని చేస్తున్నారు" అన్నాను. వదిన కోపగించుకోలేదు. నా మిషనులోంచి బాబిన్ తీసి చేత్తో పట్టుకుంది.

"నిజమేనే, శబ్దం కాదు. ఆ గ్రహం ఓ పెద్ద అయస్కాంతం అనుకో. దాని చందమామల్లో ఒకదానికి అగ్నిపర్వతాలున్నాయి, అది కక్కిన పొగంతా గ్రహం చుట్టూ చేరుతుంది. అది మామూలు పొగ కాదు, కరెంటు ఎక్కిన పొగ. ప్లాస్మా అంటారు. అందులో ఉండే ఎలక్ట్రాన్లు అయస్కాంతం గీతల చుట్టూ ఇదిగో, ఈ బాబిన్ మీద దారం చుట్టుకున్నట్టు గిర్రున తిరుగుతాయి. తిరుగుతూ తిరుగుతూ కరెంటు అలలు పుట్టిస్తాయి. ఆ అలలు ఊగే వేగం ఉంది చూడు, అది సరిగ్గా మన చెవికి అందే వేగం. అక్కడ తిరిగే నౌక వాటిని పట్టి పంపిస్తుంది. మేం వాటిని స్పీకర్లో వేసుకుని వింటాం. అంతే."

"అంతేనా? ఏమంటాయి అవి?"

"ఏమీ అనవే. కూస్తాయి. కింద నుంచి పైకి, పైకి, ఒకదాని వెంట ఒకటి. తెల్లారగట్ల పిట్టలన్నీ ఒకేసారి లేచినట్టుంటుంది."

అలా చెబుతున్నప్పుడు వదిన మొహం చూడాలి. పసిపిల్ల ఉయ్యాల్లో చెయ్యి ఆడిస్తే తల్లి చెప్పుకునే తీరు అది. కూతురు కాపురానికి వెళ్ళాక ఇల్లు బోసిపోయిందని బెంగపడిన మనిషి, ఈ పనిలో పడ్డాక మళ్ళీ మనిషయింది. ఆ మాట నేను వదిన ముందు ఎప్పుడూ అనలేదు గానీ, ఆ గ్రహం అంటే నాకు లోలోపల కృతజ్ఞతే.

చెవుల్ని వదిన చూసుకునే తీరు నాకు బాగా అర్థమయ్యేది. నా కత్తెరతో ఎవరైనా కాగితం కోస్తే నేను ఊరుకోను, పదును పోతుంది. వదిన కూడా అంతే. మైకులు పెట్టిన చోటికి రాదు. అన్నయ్య బస్సెక్కితే చెవుల్లో దూది. పిలిచినవాళ్ళు మీ వదినకు పొగరు అనేవారు. పొగరూ లేదు గిగరూ లేదు, పనిముట్టును పనివాడు కాపాడుకోడా అని నేనే గదమాయించేదాన్ని.

వాళ్ళ పని తీరు ఇక్కడ కాస్త చెప్పాలి, లేకపోతే తర్వాత జరిగింది అర్థం కాదు. ఆ కూతల్లో రెండు వరసలుంటాయి. కింది వరస, పై వరస. రెంటికీ మధ్య, ఎలక్ట్రాన్లు తిరిగే వేగంలో సరిగ్గా సగం దగ్గర, ఓ ఖాళీ ఉంటుంది. కింది వరస గట్టిగా ఉంటుంది. పై వరస బాగా సన్నం. కంప్యూటర్ గీసే బొమ్మలో అది మసకలో మసకగా కలిసిపోతుంది, ఉందంటే ఉంది, లేదంటే లేదు. అందుకని ముందు చెవులతో విని గుర్తులు పెడతారు. గుర్తున్న చోటే బొమ్మను భూతద్దంలో పెట్టి చూస్తారు. ఒకే రికార్డును ఇద్దరు వేరువేరు గదుల్లో వినాలి. మధ్యాహ్నం కూర్చుని ఇద్దరి గుర్తులూ పోల్చుకోవాలి. ఒకరికి వినపడి ఒకరికి వినపడకపోతే, ఇద్దరూ కలిసి మళ్ళీ వినాలి.

ఆ రెండో మనిషికి పేరు నేనే పెట్టాను, మొహమాటం గారని. వదిన దగ్గరే పని నేర్చుకున్నాడు, ఇంచుమించు వదిన ఈడువాడే. మా ఇంటికొస్తే టీ వద్దనలేడు, చక్కెర ఎక్కువైందని చెప్పలేడు. నేను ఓసారి పొరపాటున రెండుసార్లు టీ ఇస్తే రెండుసార్లూ తాగాడు. మొహమాటానికి పోతే ఏదో అయిందని సామెత ఉంది. అదేమిటో తెలిసినవాళ్ళకు తెలుసు, తెలియనివాళ్ళకు నేను చెప్పను.

పోయిన చలికాలం నుంచి వదిన డల్లుగా ఉండడం మొదలైంది. ఇంటికొచ్చి చెప్పులు విడిచి, నా మిషను పక్క స్టూలు మీద ఊరికే కూర్చునేది.

"ఏమైంది? ఆఫీసులో ఎవరైనా ఏమైనా అన్నారా?"

"లేదే. పై వరస పలచబడింది."

"పలచబడితే చిక్కబడుతుందిలే."

"ఏమో. ఇదివరకెప్పుడూ ఇలా లేదు."

తర్వాత్తర్వాత అదే మాట మారింది. ఇవాళ అసలు లేదు అంది. ఇంకో రోజు, ఆగిపోయినట్టుంది అంది. ఆ చెప్పడంలో గొంతు మామూలుగానే ఉంది గానీ, ఆ పూట టీ చల్లారిపోయేదాకా గ్లాసు చేత్తోనే పట్టుకుంది.

వాళ్ళ ఆఫీసులో పెద్దావిడకు మాత్రం ఇది గొప్ప సంగతి. చెడ్డమనిషి కాదు, పాపం, శాస్త్రం తెలిసిన మనిషి. చందమామ మీది అగ్నిపర్వతాలు తగ్గాయో, ఎలక్ట్రాన్లు వేడెక్కాయో, ఏదో కొత్తగా జరుగుతోంది కాబట్టే పై వరస ఆగిపోయిందని ఆవిడ వ్యాసం రాసింది. నాలుగు దేశాల నుంచి వచ్చేవాళ్ళ ముందు శుక్రవారం మీటింగులో చదవాలి. విన్నది మీరు కాబట్టి మీరే రెండు మాటలు చెప్పాలని వదినను కూడా వేదిక ఎక్కమంది. మా అన్నయ్య ఆ సంగతి డిపోలో ప్రతి డ్రైవరుకూ చెప్పాడు. నోరెత్తని మనిషి కూడా నోరెత్తాడన్నమాట.

ఇంతలో అన్నయ్యకు జ్వరం తగిలింది. ఆ మధ్యాహ్నం వదిన ఆయన నోట్లో థర్మామీటర్ పెట్టి మంచం మీద పక్కనే కూర్చుంది. నేను ముందుగదిలో కాలరు కుడుతున్నాను. థర్మామీటర్ కీ, కీ మని కూసింది. వదిన కదల్లేదు. అన్నయ్య కళ్ళతో సైగ చేశాడు. "ఉండండీ, కదలకండి" అంది వదిన. మళ్ళీ కూసింది.

"వదినా, అది కూసి చచ్చిపోతోంది. తీసి చూడు."

"ఇంకా కూయలేదు కదే."

నేను మిషను ఆపేశాను. మూడు గదుల అవతల కుళాయి చుక్క వినే మనిషి, జానెడు దూరంలో ఉన్నది వినలేదు.  

ఆ తర్వాత రెండు మూడు రోజులు నేను దొంగచాటు పరీక్షలు పెట్టాను. వెనక నుంచి తాళాల గుత్తి ఆడించాను. వంటగదిలో టైమరు కూసేలా పెట్టి బయట నిలబడ్డాను. మిషను మరకు నూనె వెయ్యడం మానేశాను. అది కిచకిచమని ఎలకలా అరుస్తుంటే, అన్నయ్య దుప్పటి ముసుగు పెట్టుకున్నాడు గానీ, వదిన నా పక్కనే కూర్చుని ప్రశాంతంగా పేపరు చదువుకుంది. మామూలు మాటలన్నీ వినపడుతున్నాయి. తలుపు కొడితే వినపడుతోంది. ఆ సన్నటి, పైనుండే శబ్దాలే పోయాయి. అది గ్రహించిన మనిషి ఎవరైనా ఆగిపోయిన ఆ పై వరస గురించి ఆలోచించకుండా ఉండగలరా? నేను ఏడో తరగతి తప్పాను గానీ, ఆ మాత్రం బుర్ర ఉంది.

అయితే ఒక్కటే అడ్డొచ్చింది. వినేది ఒక్క వదినే కాదు కదా. మరి మొహమాటం గారికేమైంది?

ఆయన మంగళవారం కొత్త ప్యాంటు మడత వేయించుకోవడానికి వచ్చాడు, మీటింగుకి వేసుకోవాలట. ఆయన్ని స్టూలు మీద నిలబెట్టి, కాళ్ళ దగ్గర కూర్చుని గుండుసూదులు గుచ్చుతూ అడిగాను. సూదులు గుచ్చేటప్పుడు మనిషి పారిపోలేడు.

"పై వరస మీకు వినపడుతోందా?"

"అంటే... అదండీ... మీరెందుకు అడుగుతున్నారో..."

"వినపడుతోందా లేదా?"

"మీ వదిన గారికి వినపడలేదంటే లేనట్టే కదండీ."

"నేను వదిన సంగతి అడగలేదు. మీ చెవుల సంగతి అడిగాను."

ఆయన మొహం వాడిపోయింది. 

"సన్నగా... వినపడినట్టే ఉంటుందండీ. రోజూ."

"మరి గుర్తు పెట్టలేదేం?"

"మొదట్లో పెట్టానండీ. పోల్చుకునేటప్పుడు ఆవిడ మళ్ళీ వినేవారు. నాకేం వినపడలేదండీ, మీకు నిజంగా వినపడిందా అని ఎంతో మర్యాదగా అడిగేవారు. అంత మర్యాదగా అడిగితే వినపడిందని ఎలా అంటానండీ? నా చెవుల్లోనే ఏదో గుయ్యిమంటోందేమో అనుకున్నా. చెవుల డాక్టరు దగ్గరికి కూడా వెళ్ళాను."

"ఏమన్నాడు?"

"శుభ్రంగా ఉన్నాయన్నాడు. అయినా అంత సేపు చూశాడు కదా, ఆయన చిన్నబుచ్చుకుంటాడని మందులు రాయించుకున్నానండీ."

నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. చేతిలో సూది ఆయన పిక్కకు గుచ్చుకుంది. ఆయన అబ్బా అని కూడా అనలేదు.

అదీ సంగతి. గురుగ్రహంలో ఏమీ ఆగలేదు. ఒక మనిషి చెవులు తగ్గితే, ఇంకో మనిషి మొహమాటపడితే, కోట్ల మైళ్ళ దూరంలో ఉన్న గ్రహం మూగబోయిందని నాలుగు దేశాలకు చాటబోతున్నారు. శుక్రవారం ఆ మాట చెప్పాక, ఆ రికార్డు ఇంకెవరైనా విని పై వరస ఉందంటే వదిన పరువేం కావాలి? జీవితమంతా చెవులనే నమ్ముకున్న మనిషి. పోనీ ముందే చెబుదామా అంటే, వినలేని మనిషికి వినే ఉద్యోగంలో చోటెక్కడ? ఆ ఆఫీసు పోతే పోయింది. ఆ కూతలు పోతే వదిన ఏమైపోతుంది? నాకున్న భయమంతా అదే.

అన్నయ్యకు చెప్పాను. ఆయన చాలాసేపు దుప్పటి అంచు నలిపాడు.

"నువ్వే చెప్పు చెల్లాయ్. నీకు నోరుంది."

"ఇన్నాళ్ళూ నా నోరు తప్పన్నారు. ఇప్పుడు అవసరమొచ్చిందా?"

"నావల్ల కాదమ్మా. దాని మొహం చూసి చెప్పలేను."

పిల్లి మెడలో గంట నేనే కట్టాలన్నమాట. ఊళ్ళోవాళ్ళ మొహాన ఎన్ని మాటలన్నానో లెక్క లేదు. ఈ ఒక్క మాట నాకు పెగల్లేదు. బుధవారం పొద్దున చెబుదామని దగ్గరికెళ్ళి, టీలోకి పాలున్నాయా అని అడిగి వచ్చేశాను. సాయంత్రం మళ్ళీ వెళ్ళాను. వదిన అద్దం ముందు నిలబడి, మీటింగులో చెప్పాల్సిన రెండు మాటలు వల్లె వేసుకుంటోంది.

"ముందు పై వరస పలచబడింది. తర్వాత అప్పుడప్పుడూ మాత్రమే వినిపించేది. ఆ తర్వాత..."

అక్కడ ఆగిపోయింది. మళ్ళీ మొదలుపెట్టింది, మళ్ళీ అక్కడే ఆగింది. నన్ను అద్దంలో చూసి నవ్వబోయింది.

"ఈ ముక్క దగ్గరే ఆగిపోతున్నానే. అందరి ముందూ ఎలా చెప్పను? వాళ్ళకదో కొత్త సంగతి. నాకు అలా లేదు."

వదినను పట్టుకుని ఏడవాలనిపించింది. దానికి బదులు, నీ జుట్టు సరిగ్గా లేదని తిట్టి బయటికి వచ్చాను.

గురువారం నాకో సాకు దొరికింది. వాళ్ళు వినే గదులకు మందపాటి కర్టెన్లు కుట్టమని నాకే ఇచ్చారు, గోడలకు తగిలి శబ్దం తిరిగి రాకుండా. అవి మోసుకుని నేనే వెళ్ళాను. గది చిన్నది. కిటికీ లేదు. ఓ బల్ల, రెండు కుర్చీలు, చెవులకు పెట్టుకునే హెడ్‌ఫోన్లు రెండు, బల్ల మీద గుర్తులు పెట్టే బటన్లు. కింది వరసకు ఎర్రది, పై వరసకు నీలంది. ఎర్ర బటన్ మీద రంగు అరిగిపోయింది. నీలంది దుమ్ము పట్టి ఉంది. పోల్చుకునే వేళ కాబట్టి వదినా, మొహమాటం గారూ ఇద్దరూ అక్కడే ఉన్నారు. నన్ను చూసి ఆయన లేవబోయాడు. కూర్చోండి అన్నాను, కూర్చున్నాడు.

నిచ్చెనెక్కి ఒక కర్టెన్ తగిలించాను. రెండోది తగిలించలేకపోయాను. దాన్ని చంకలో పెట్టుకునే నిలబడి చెప్పేశాను.

"వదినా, ఆగిపోయింది అది కాదు. నీ చెవులు."

వదిన అర్థం కానట్టు చూసింది.

"అన్నయ్య జ్వరం నాడు థర్మామీటర్ కూసింది. నీకు వినపడలేదు. నా మిషను నాలుగు రోజులుగా అరుస్తోంది, నీకు తెలియదు. సన్నటివన్నీ పోయాయి నీకు. గ్రహానికేం కాలేదు. కావాలంటే ఈయన్ని అడుగు."

 వదిన నా వంక చూడలేదు. మెల్లిగా మొహమాటం గారి వైపు తిరిగింది.

"మీకు వినపడుతోందా అండీ?"

ఆయన నా వంక చూశాడు. కర్టెన్ వంక చూశాడు. నేల వంక చూశాడు. ఇక చూడ్డానికి ఏమీ మిగల్లేదు.

"వినపడుతోందండీ. మొదట్నుంచీ వినపడుతూనే ఉంది. క్షమించండి."

 వదిన కుర్చీ దగ్గరికి లాక్కుని హెడ్‌ఫోన్లు చెవులకు పెట్టేసుకుంది.

"నిన్నటిది వెయ్యండి. పై వరస ఉన్న చోటు."

ఆయన వేశాడు. వదిన కళ్ళు మూసుకుంది, తల అడ్డంగా ఊపింది.

"రికార్డు వేగం తగ్గించి స్థాయి కిందికి దించండి."

దించాడు. మళ్ళీ తల ఊపింది. ఇంకా దించమంది. అలా దించితే పనికి ఉపయోగపడదని, కూతలన్నీ సాగిపోయి మూలుగుల్లా ఉంటాయని, సన్నవి గరగరలో మునిగిపోతాయని వదినే నాకు ఎప్పుడో చెప్పింది. ఇప్పుడు పని కోసం కాదు కదా. ఆయన ఇంకొంచెం దించాడు. వదిన చెయ్యి గాలిలోకి లేచింది. ఆయన ఆగిపోయాడు.

వదిన చూపుడువేలు కింద నుంచి పైకి కదిలింది. ఒకసారి, ఇంకోసారి, వెంటనే ఇంకోసారి. కళ్ళు మూసుకునే ఉంది. కూలబడితే పట్టుకుందామని నేను వెనక్కి వెళ్ళి నిలబడ్డాను. ఆ వేలు మాత్రం ఆగలేదు.

"ఉన్నాయి" అంది. "అన్నీ ఉన్నాయే."

కళ్ళల్లోంచి నీళ్ళు కారిపోతున్నాయి. ఏడుస్తోందనుకుని భుజం మీద చెయ్యి వేశాను. నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. రికార్డు చివరిదాకా విన్నది. విన్నాక చెవులకు పెట్టుకున్నది తీసి బల్ల మీద పెట్టి, మొహం తుడుచుకుని లేచింది.

"పెద్దావిడ గదిలో ఉన్నారా?"

"ఉన్నారండీ" అన్నాడు ఆయన. "నేను కూడా వస్తానండీ. తప్పు నాది కూడా కదా."

నన్ను పిలవకపోయినా నేనూ వెళ్ళాను. పెద్దావిడ రేపటి మీటింగు కాగితాలు సర్దుకుంటోంది. మమ్మల్ని ముగ్గుర్నీ చూసి కళ్ళజోడు నుదుటి మీదికి తోసుకుంది.

"మేడం, రేపు అది చదవకండి" అంది వదిన. "పై వరస ఆగలేదు. ఇన్నాళ్ళూ నాకే వినపడలేదు."

మొహమాటం గారు నత్తినత్తిగానైనా తన వంతు తాను చెప్పాడు. చెప్పడం పూర్తయ్యేసరికి చొక్కా కాలరు చెమటతో తడిసింది. పెద్దావిడ చేతిలో కాగితాలు అలాగే ఉండిపోయాయి. అరుస్తుందనుకున్నాను. అరిస్తే ఏం చెప్పాలో నా నాలుక చివర సిద్ధంగా ఉంది. ఆవిడ అరవలేదు. ముందుగా అడిగింది వ్యాసం గురించి కూడా కాదు.

"మీ చెవులు డాక్టరుకి చూపించారా?"

"ఇంకా లేదండీ. నాకు ఇప్పుడే తెలిసింది."

పెద్దావిడ కాగితాలు బోర్లించి బల్ల మీద పెట్టింది. అన్ని నెలల పని. ఒక నిమిషం వాటి మీద చెయ్యి ఆనించి కూర్చుంది. తర్వాత నెమ్మదిగా చెప్పింది.

"రికార్డులన్నీ మొదట్నుంచీ మళ్ళీ వినాలి. పై వరస ఈయన వింటారు, వినపడింది వినపడినట్టు రాస్తారు. కింది వరస మీకు బాగానే వినపడుతోంది కదా. అది మీరు చూడండి. సోమవారం మామూలుగా రండి."

మా వదిన ఉద్యోగం పోలేదని నాకు అప్పుడు తెలిసింది. ఊపిరి పీల్చుకుని వదిన వంక చూశాను. వదిన మొహం చూసి నాకు భయమేసింది, మతిపోయిందేమోనని. వదిన నవ్వుతోంది. పెద్దావిడ కూడా చూసింది.

"మీకు బాధగా లేదా?" అని అడిగింది.

"ఉంటుందండీ, రేపట్నుంచి" అంది వదిన. "ఇవాళ మాత్రం లేదు. దానికేమైందో అని చలికాలం నుంచి చచ్చిపోతున్నాను. పోయింది నా చెవులే కదండీ. అది బాగానే ఉంది."